పరిశోధన పోస్టరుకు శాస్త్రీయ చిత్రాలు: కర్నూలు, కడప సీమల వనరులు, పద్ధతులు

ఒక అధ్యయనంలోని ప్రశ్ననూ పద్ధతినీ ఫలితాలనూ ఒకే పెద్ద కాగితం మీద చూపి, సదస్సుల్లో గోడకు తగిలించే పత్రాన్ని పరిశోధన పోస్టరు అంటారు. నాలుగడుగుల దూరంలో నిలబడిన మనిషి అందులో మొదట చూసేది చిత్రాన్నే కాబట్టి, మీటరు పొడవు కాగితం మీద అచ్చువేసినా వివరం చెదరని చిత్రాన్ని సంపాదించడమో తయారుచేయడమో పోస్టరు పనిలో ప్రధాన భాగం అవుతుంది. దేశంలోని ప్రాచీన అవక్షేప శిలల్లో పేరెన్నికగన్న కడప హరివాణమూ, ఆదిమానవుడి ఆనవాళ్ళున్న గుహలూ, అశోకుడి శాసనమూ, ప్రపంచంలో మరెక్కడా కనిపించని కలివికోడీ ఉన్న కర్నూలు, కడప సీమల్లో ఈ పనికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కర్నూలు నుంచి విడిపోవడానికీ, కడపలో కొంత భాగం అన్నమయ్య జిల్లాలో కలవడానికీ ముందున్న హద్దులనే ఈ వ్యాసం అనుసరిస్తుంది.

స్పష్టతకు కొలత

అంకాత్మక చిత్రం చిన్న చిన్న చతురస్రాల అల్లిక. ఒక్కో చతురస్రాన్ని పిక్సెల్ అంటారు. కాగితం మీద ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్ళు పడతాయన్నది ముద్రణ రిజల్యూషన్; అసలు వస్తువులో పక్కపక్కనున్న రెండు బిందువులను విడివిడిగా చూపగల శక్తి దృశ్య రిజల్యూషన్. ఈ రెండూ వేర్వేరు సంగతులని గుర్తించకపోవడం వల్లనే చాలా పోస్టర్లు చెడిపోతున్నాయి. సదస్సుల్లో వాడుకలో ఉన్న ఏ0 కాగితం కొలత 841 × 1189 మిల్లీమీటర్లు. దాన్ని నిండా కప్పే చిత్రానికి అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన సుమారు 9,930 × 14,040 పిక్సెళ్ళు కావాలి. దూరం నుంచి చూసేదే గనుక 150 చాలుననుకుంటే అందులో సగం పొడవు, సగం వెడల్పు సరిపోతాయి. 12 మెగాపిక్సెళ్ళ ఫోను తీసే 4000 × 3000 పిక్సెళ్ళ ఫొటో 150 లెక్కన 68 సెంటీమీటర్ల వెడల్పు వరకు నిలుస్తుంది. అంటే మామూలు ఫోను కూడా పోస్టరులో మూడో వంతు స్థలానికి సరిపడే పిక్సెళ్ళను ఇవ్వగలదు. కటకం మసకగా ఉన్నా, చెయ్యి కదిలినా ఆ పిక్సెళ్ళలో వివరం ఉండదు, అది వేరే మాట.

చిత్రం పుట్టినప్పుడు అందులో ఎంత వివరం ఉందో, చివరిదాకా ఉండేది అంతే. సాఫ్ట్‌వేరుతో సాగదీస్తే కొలత పెరుగుతుంది గాని వివరం పెరగదు. కృత్రిమ మేధ ఆధారంగా ఇటీవల వచ్చిన పెంపు సాధనాలు మరింత ప్రమాదకరం. అవి లేని అంచులనూ లేని రేణువులనూ ఊహించి నింపుతాయి కనుక, కొలతకు ఆధారమయ్యే చిత్రాలకు వాటిని వాడరాదు. పటాలు, స్తంభ చిత్రాలు, శిలల వరుసను చూపే గీతలు వంటివాటికి ఈ చిక్కే లేదు. వాటిని పిక్సెళ్ళుగా కాక గణిత రేఖలుగా నిలవచేసే ఎస్‌వీజీ, పీడీఎఫ్ వంటి రూపాల్లో గీస్తే ఎంత పెద్దగా అచ్చువేసినా అంచు పదునుగానే ఉంటుంది.

ఇప్పటికే ఉన్న చిత్రాలు

కొత్తగా తీయడానికి ముందు ఉన్నదాన్ని వెతకడం ఈ సీమ విషయంలో తెలివైన పని, ఎందుకంటే ఇక్కడి రాళ్ళనూ మొక్కలనూ జంతువులనూ పంతొమ్మిదో శతాబ్దిలోనే శ్రద్ధగా చిత్రించారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలా సముదాయాల మీద రాసిన గ్రంథం ఆ సంస్థ స్మారక సంపుటాల్లో ఎనిమిదోదిగా 1872లో వెలువడింది. ఈ హరివాణాన్ని గురించి నేటికీ వాడుకలో ఉన్న పేర్లలో చాలావాటికి మూలం అదే. హరివాణం అంటే ఇక్కడ కోట్ల ఏళ్ళపాటు కుంగుతూ, అవక్షేపాలను పోగుచేసుకున్న పల్లపు నేల. నెలవంక ఆకారంలో దాదాపు 440 కిలోమీటర్ల పొడవున పరుచుకున్నది. 1987లో భారత భూవిజ్ఞాన సమాజం ప్రచురించిన పురాణ హరివాణాల సంపుటిలో ఈ ప్రాంతపు పటం కొత్త అధ్యయనాలతో మళ్ళీ కూర్చబడింది. సర్వేక్షణ సంస్థ పటాలు నేడు భూకోశ్ అనే అంతర్జాల వేదికలో దొరుకుతాయి.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను న్యూబోల్డ్ 1844లో లోకానికి తెలియజేయగా, రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1883-85 మధ్య అక్కడ తవ్వకాలు జరిపారు. బయటపడిన ఎముకలను రిచర్డ్ లిడెకర్ 1886లో వర్ణించాడు. ఆ వర్ణనతో పాటు వచ్చిన ఫలకాల్లోని రాతి ముద్రణ చిత్రాలు శరీర నిర్మాణ వివరాల్లో నేటి ఫొటోలకు ఏమాత్రం తీసిపోవు. ఎముక ఉపరితలంలో ఏ గుంట ముఖ్యమో, ఏ పగులు అనవసరమో ఎంచి గీయగలగడం చిత్రకారుడికున్న మేలు. కెమెరా రెంటినీ ఒకే గౌరవంతో చూపుతుంది. ఫుట్ సేకరణను మద్రాసు ప్రభుత్వ సంగ్రహాలయం 1904లో కొన్నది.

మొక్కల విషయంలో నిధి మరింత పెద్దది. విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో (1795-1820) 300 రంగు ఫలకాలున్నాయి, వాటి మూల చిత్రాలను గీసినవారు భారతీయ చిత్రకారులు. రాబర్ట్ వైట్ 1838-53 మధ్య ప్రచురించిన ఆరు సంపుటాల్లో రెండు వేలకు పైగా ఫలకాలు ఉండగా, వాటిలో పెద్ద భాగం రంగయ్య, గోవిందు అనే ఇద్దరి చేతిపని. వారిలో గోవిందు పేరును ఒక ఆర్కిడ్ ప్రజాతికి పెట్టి వైట్ ఆ రుణం కొంత తీర్చుకున్నాడు. పేరు దొరకని చిత్రకారులే ఎక్కువగా ఉన్న ఆ కాలంలో ఇది అరుదైన మర్యాద. ఈ గ్రంథాలన్నీ జీవవైవిధ్య వారసత్వ గ్రంథాలయం అనే అంతర్జాతీయ వేదిక ద్వారా పెద్ద స్కానులుగా అందుతున్నాయి. హక్కుల గడువు తీరినవి గనుక ఉచితంగా వాడవచ్చు. భారత చట్టం ప్రకారం రచయిత మరణం తరువాత 60 ఏళ్ళకు హక్కు ముగుస్తుంది; 2012 సవరణకు ముందు ఫొటోలకు ప్రచురణ తరువాత 60 ఏళ్ళన్న గడువు ఉండేది. కొత్త చిత్రాలకు క్రియేటివ్ కామన్స్ అనుమతి పత్రాలను చూసుకోవాలి. వాటిలో కొన్ని పేరు చెప్పితే చాలంటాయి, కొన్ని మార్పులను ఒప్పుకోవు. పోస్టరులో కత్తిరించి వాడడం కూడా మార్పే కావచ్చు.

ఉపగ్రహ చిత్రాలు

వర్షం తక్కువైన సీమ కావడం భూచిత్రణకు కలిసివచ్చింది. మబ్బులు లేని రోజులు ఎక్కువ, మట్టి పొర పలుచన, చెట్లు పలుచన. అడుగునున్న రాయి ఆకాశం నుంచి నేరుగా కనిపిస్తుంది. కరువు చిత్రాలతోనే ఎక్కువగా వార్తలకెక్కే ఈ నేలకు ఇదొక చిత్రమైన వరం.

ఉపగ్రహ చిత్రంలో ఒక పిక్సెల్ నేల మీద ఎంత మేర ఉంటుందో దాన్ని బట్టి స్పష్టతను చెబుతారు. అమెరికా లాండ్‌శాట్ చిత్రాల్లో అది 30 మీటర్లు. 2008 నుంచి ఆ భాండారం ఉచితం. 2015లో మొదలైన ఐరోపా సెంటినెల్-2లో దృశ్య కాంతి, సమీప పరారుణ పట్టీలకు 10 మీటర్లు. భారతీయ రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 సాధనానికి 5.8 మీటర్లు, 2005లో ఎగిరిన కార్టోశాట్-1కు 2.5 మీటర్లు. దేశీయ ఉపగ్రహాల చిత్రాలు, ఎత్తుపల్లాల నమూనాలు హైదరాబాదులోని జాతీయ దూరగ్రహణ కేంద్రం 2009లో ప్రారంభించిన భువన్ వేదికలో దొరుకుతాయి.

ఈ సంఖ్యల్లో పెద్దదీ చిన్నదీ అని కాక పోస్టరుకు ఏది సరిపోతుందో చూడాలి. 440 కిలోమీటర్ల హరివాణాన్ని సెంటినెల్-2లో పొడవునా తీసుకుంటే 44,000 పిక్సెళ్ళు వస్తాయి. ఏ0 కాగితపు పొడవు 300 లెక్కన 14,000 పిక్సెళ్ళే పడుతుంది కనుక మూడింట రెండు వంతుల వివరం కాగితానికి అందకుండానే పోతుంది. అక్కడ లాండ్‌శాటే చాలు. అదే గండికోట దగ్గర పెన్న కోసుకుపోయిన లోయ వంటి రూపాన్ని చూపాలంటే, వంద మీటర్ల వెడల్పు చీలిక సెంటినెల్-2లో పది పిక్సెళ్ళకు మించదు, కార్టోశాట్ మాత్రమే పనికివస్తుంది.

సమీప పరారుణ పట్టీని ఎరుపుగా చూపే కృత్రిమ వర్ణ కూర్పులో నల్లమల అడవి ముదురు ఎరుపుగానూ, కుందూ లోయలోని నల్లరేగడి నేలలు నీలి బూడిద రంగులోనూ, మడతలు పడిన శిలల గుట్టలు ఆ రెంటి మధ్య గీతలుగానూ కనిపిస్తాయి. పగుళ్ళనూ మడతలనూ చూపదలిస్తే సూర్యుడు కిందుగా ఉండి నీడలు పొడుగుగా పడే డిసెంబరు, జనవరి దృశ్యాలను ఎంచుకోవడం మంచిది. సెంటినెల్ చిత్రాన్ని వాడినప్పుడు కోపర్నికస్ సమాచారాన్ని మార్చి వాడినట్టు సంవత్సరంతో సహా పేర్కొనాలన్నది దాని షరతు.

డ్రోనుతో తీసే చిత్రాల్లో పిక్సెల్ సెంటీమీటర్ల స్థాయికి దిగుతుంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నియమాలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. విమానాశ్రయ సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపు ఎంత ఎత్తులో ఎగరేయాలన్నా అనుమతి కావాలి. ఓర్వకల్లు విమానాశ్రయం అదే ఏడాది మార్చిలో మొదలైంది కనుక ఆ చుట్టుపక్కల రాళ్ళను చిత్రించేవారు దీన్ని ముందే చూసుకోవలసి ఉంటుంది. అభయారణ్యాల్లో అటవీశాఖ, రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ అనుమతులు వీటికి అదనం.

రాతిని చిత్రించడం

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అని చెప్పదగిన పద్ధతి ఈ సీమకు ప్రత్యేకంగా అందుబాటులో ఉంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల పాలిష్ ఫ్యాక్టరీల్లో నాపరాయిని చదునుగా కోసి నున్నగా చేయడం రోజువారీ పని. నేల మీద పరిచే కడప బండలన్నీ ఆ దారిలో వచ్చినవే. అలా కోసి నునుపు చేసిన ముఖాన్ని పుస్తకాలు స్కాన్ చేసే మామూలు బల్ల స్కానరు మీద, గాజు గీరుకుపోకుండా పారదర్శక పొర ఒకటి వేసి, గాలి బుడగలు చేరకుండా గ్లిజరిన్ రాసి పెడితే, కెమెరాకు కూడా దక్కని సమతలపు స్పష్టత వస్తుంది. 20 సెంటీమీటర్ల పలకను అంగుళానికి 1200 పిక్సెళ్ళ చొప్పున స్కాన్ చేస్తే సుమారు 9,450 పిక్సెళ్ళు వస్తాయి. అది 300 లెక్కన 80 సెంటీమీటర్ల వెడల్పు దాకా, అంటే అసలుకు నాలుగు రెట్లుగా అచ్చవుతుంది. వేంపల్లె శిలా సముదాయంలోని స్ట్రొమటోలైట్లకు, అంటే లోతు తక్కువైన సముద్రంలో సూక్ష్మజీవుల పొరలు పేరుకొని రాయిగా మారిన గుమ్మటాలకు, దీన్ని మించిన పద్ధతి లేదనవచ్చు. ఒక్కో పొర వంకర విడిగా లెక్కకు అందుతుంది. వాటిపైన ఉన్న పులివెందుల అగ్నిశిలా పలకలు దాదాపు 189 కోట్ల ఏళ్ళ నాటివని తేలింది కనుక, స్ట్రొమటోలైట్లు అంతకన్నా పాతవి.

రాతి లోపలి ఖనిజాలను చూడడానికి దాన్ని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు పలకకు అంటించి, ధ్రువిత కాంతిలో, అంటే ఒకే తలంలో కంపించేలా జల్లెడపట్టిన కాంతిలో, సూక్ష్మదర్శినితో చూస్తారు. ఒక దృశ్యంలో పట్టేది గోరంత కన్నా తక్కువ మేర కాబట్టి, వరుసగా పదుల ఫొటోలు అంచులు కలిసేలా తీసి కంప్యూటరులో కుట్టడం పోస్టరుకు తగిన మార్గం. సూక్ష్మదర్శిని లేనిచోట ఫిలిం స్కానరులో ఆ గాజు పలకను రెండు ధ్రువక పొరల మధ్య పెట్టినా, అంగుళానికి 4000 పిక్సెళ్ళ వద్ద ఒక్కో పిక్సెల్ 6 మైక్రోమీటర్ల చుట్టూ ఉంటుంది. నార్జి సున్నపురాయి వంటి సన్న రేణువుల శిలకు అది చాలదు, గండికోట క్వార్ట్‌జైటుకు చాలు.

ఇంకా చిన్నవాటికి స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అవసరం. అది కాంతికి బదులు ఎలక్ట్రాన్ల పుంజంతో ఉపరితలాన్ని తడిమి బొమ్మ కడుతుంది కాబట్టి ఆ బొమ్మలో రంగు ఉండదు. రంగు కనిపిస్తే ఎవరో తరువాత వేసిందే, ఆ సంగతి శీర్షికలో చెప్పాలి. మంగంపేట ముగ్గురాయి ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. దానిలోని బేరియం బరువైన మూలకం గనుక వెనక్కి మళ్ళిన ఎలక్ట్రాన్ల చిత్రంలో ముగ్గురాయి తెల్లగా మెరిసి, పక్కనున్న సిలికా నల్లబడి, రెంటి హద్దు ఏ మార్పూ చేయకుండానే పోస్టరు మీద చదవగలిగేలా వస్తుంది. జ్వాలాపురంలోని అగ్నిపర్వత బూడిద మరో ఉదాహరణ. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని తోబా పేలినప్పుడు జుర్రేరు లోయలో పడిన ఆ బూడిదకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ ప్రభృతులు 2007లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. బూడిదలోని గాజు తునకల వంపుదేరిన అంచులను ఎలక్ట్రాన్ చిత్రం స్పష్టంగా చూపుతుంది. బూడిద పొర మందాన్నీ పనిముట్ల స్థానాన్నీ చూపేది మాత్రం తవ్విన గోడ ఫొటో. ఆ రెండు స్థాయిలనూ పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి వేరే కొలబద్ద వేయకపోతే చూసేవారికి ఏది ఎంతో తెలియదు. కొలబద్దను చిత్రంలోనే గీయాలి. ఇన్ని రెట్లు పెంచిందని అంకెలో రాస్తే, కాగితం కొలత మారగానే ఆ అంకె అబద్ధమవుతుంది.

చెక్కినవి, గీసినవి

జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి అశోక శాసనాలను 1929లో ఒక భూవిజ్ఞాన శాస్త్రవేత్త గుర్తించాడు. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి గనుక, అక్షరాల దిశ తెలిసేలా చిత్రం ఉండడం అక్కడ అలంకారం కాదు, సాక్ష్యం. శాసనాల విషయంలో పూర్వం నుంచీ ఉన్న పద్ధతి ముద్ర తీయడం: తడి కాగితాన్ని రాతికి అద్ది బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపి, పైన సిరా అద్దితే, నల్లని నేల మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. ముద్ర అసలు శాసనమంత కొలతలోనే ఉంటుంది కాబట్టి దాన్ని స్కాన్ చేస్తే స్పష్టతకు కొరత ఉండదు. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలోని రేనాటి చోళుల శాసనం, ఆరో శతాబ్దిదిగా, తొలి తెలుగు శాసనంగా పేరుపొందినది, చాలామంది పరిశోధకులకు ఎపిగ్రాఫియా ఇండికా సంపుటిలో అచ్చయిన ముద్ర ద్వారానే పరిచయం. నేడు కెమెరాను కదలనీయకుండా దీపాన్ని పదుల దిక్కుల నుంచి పెట్టి ఫొటోలు తీసి, వాటినుంచి ఉపరితలపు వాలును కంప్యూటరులో లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది. రాయిని ఎవరూ తాకనక్కరలేదన్నది దాని ప్రధాన సుగుణం.

ఓర్వకల్లు వైపున్న కేతవరం, ముద్దనూరు వైపున్న చింతకుంట గుహచిత్రాల్లో వెలిసిపోయిన ఎరుపు, తెలుపు వర్ణాలను పైకి తేవడానికి డీస్ట్రెచ్ అనే సాధనాన్ని పరిశోధకులు వాడతారు; అది రంగుల మధ్య తేడాను గణితంగా విస్తరించి కంటికి కనిపించని గీతను చూపుతుంది. ఫలితపు రంగులు అసత్యం, గీత సత్యం. అందుకే అసలు ఫొటోను కూడా పక్కనే చూపడం మర్యాద కాదు, నియమం.

కలివికోడి

మంచి చిత్రం దొరకని సందర్భాన్ని కూడా ఈ సీమే నేర్పుతుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమై, 1900 తరువాత కనుమరుగైందనుకున్న కలివికోడిని 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సమాజానికి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో సిద్దవటం, బద్వేలు ప్రాంతపు లంకమల పాదంలో మళ్ళీ కనుగొన్నారు. 1988లో దానిమీద తపాలా బిళ్ల వచ్చింది. రాత్రి తిరిగే పక్షి, ముళ్ళ పొదల్లో మసలేది. దాన్ని వెలుతురు పెట్టి తరమడం తప్పు. ఆ కారణంగా పి. జెగనాథన్ ప్రభృతులు మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి అడుగుజాడలను చదివే పద్ధతిని రూపొందించారు. పట్టీల దగ్గర తనంతట తానే తీసే కెమెరాలు ఆ జాడ ఎవరిదో నిర్ధారించాయి. అడుగుజాడను పైనుంచి నిటారుగా, పక్కన కొలబద్ద పెట్టి, పక్కవాటు వెలుతురులో తీస్తే అది పక్షి ఫొటో కన్నా ఎక్కువ స్పష్టతతో పోస్టరుకెక్కుతుంది. కెమెరా వలలో పడిన మసక ఫొటోను పెద్దది చేయకుండా అరచేయంత కొలతలో అచ్చువేయడమే మేలు. అంతర్జాలంలో దొరికే వేరే జాతి పక్షి అందమైన ఫొటోను దాని బదులు పెట్టేవారు లేకపోలేదు. అది అలంకారం పేరుతో చేసే తప్పు. పక్షి ఫొటోల్లో దాగి ఉండే స్థల నిర్దేశకాలను తొలగించడం మరువరాదు.

నిజాయతీ, ముద్రణ

వెలుతురు, వ్యత్యాసం చిత్రమంతటికీ ఒకేలా సవరించడం ఒప్పుదల. ఒక మూలను మాత్రం చెరపడం, రెండు చిత్రాలను గీత లేకుండా అతకడం ఒప్పుదల కాదు. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002 నుంచి చిత్రాలను ప్రచురణకు ముందు పరీక్షించసాగింది. ఎలిజబెత్ బిక్ బృందం 2016లో 20,621 వ్యాసాలను పరిశీలించి 3.8 శాతంలో అనుమానాస్పద చిత్రాలున్నట్టు చూపింది. వైద్య కళాశాలల్లో తయారయ్యే ఎక్స్‌రే, స్కాను చిత్రాలకు రోగి పేరు, సంఖ్య తీసివేయడం వీటికి అదనపు నియమం. ఎరుపు, ఆకుపచ్చలను కలిపి వాడితే వర్ణాంధత గలవారికి తేడా తెలియదు కనుక, ఆకుపచ్చకు జోడీగా మెజెంటాను ఎంచుకోవడం వాడుకగా మారింది.

కడపలోని యోగి వేమన, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయాల వంటి చోట్ల పోస్టరు సాధారణంగా అచ్చయ్యేది ఊళ్ళోని ఫ్లెక్సీ దుకాణంలో. ఫ్లెక్సీ గుడ్డ దూరం నుంచి చూసే ప్రకటనల కోసం పుట్టింది, అంగుళానికి వంద పిక్సెళ్ళు దాటి ఇచ్చినా నిలుపుకోలేదు. సన్న అక్షరాలు, పలుచని కొలబద్దలు అందులో మసకబారతాయి. మెరుపు లేని ఫొటో కాగితం మీద అచ్చువేసే యంత్రం దొరికితే దానికే పోవాలి. దుకాణానికి ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది చిత్రాన్ని కుదించివేస్తుంది. డాక్యుమెంటుగా పంపాలి, లేదా పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ ఇవ్వాలి. తెర మీది వెలుతురు రంగులు ముద్రణలోని నాలుగు సిరాలకు మారినప్పుడు నీలాలు, ఆకుపచ్చలు కొంత మసకబారతాయి కాబట్టి, మొత్తం అచ్చువేయించే ముందు ముఖ్యమైన చిత్రంలో చేతి వెడల్పు పట్టీని అదే యంత్రం మీద అసలు కొలతలో తీయించి చూసుకోవడం పరిశోధకులు పాటించే పద్ధతి.